వినకపోవడమే నా ఉద్యోగం

నేను ఒక మైకుని. పెళ్ళిపందిట్లో గోటితో గీకించుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదించుకునే జాతి కాదు మాది. సభల్లో పూలదండల పక్కన నిలబడి నాయకుల తుంపర్లు భరించే జాతి కూడా కాదు. నేను చేపల బోటులో వైర్‌లెస్ సెట్టుకి వేలాడే మైకుని. పిడికిట్లో ఇమిడేంత ఒళ్ళు, పక్కన ఒక మీట. మీట నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ రెండోవారు నోరు మూసుకోక తప్పదు. ఈ పద్ధతి ఇళ్ళల్లో కూడా పెడితే దేశంలో సగం కోర్టుల్ని గోడౌన్లుగా అద్దెకిచ్చుకోవచ్చని నా అభిప్రాయం. నన్నెవరూ అడగలేదు.

లోకంలో మిగతా మైకులన్నీ వినడానికి పుడతాయి. నేను వినకపోవడానికి పుట్టాను. అదీ ఆషామాషీగా కాదు. పక్కనే ఇంజను గుండెలు పగిలేలా మోగుతుంటే దాన్ని వినకుండా, పెదవి దగ్గర ఒక మనిషి మెల్లగా అన్నది మాత్రం వినాలి. ఈ విద్య చాలామంది మొగుళ్ళకి పుట్టుకతోనే వస్తుందని విన్నాను. నాకు మాత్రం అరవై ఒక్క రోజులు పట్టింది.

నా పుట్టుకకి కారణం ఒక గొంతు. అది మైలపల్లి పరదేశిది. ఆయన విశాఖ ఫిషింగ్ హార్బరులో 'గంగాభవాని' అనే మరబోటుకి డ్రైవరు. సముద్రంలో బోటు నడిపే మనిషిని ఇక్కడ డ్రైవరనే అంటారు. ఆయన కింద పనిచేసే ఆరుగురూ కళాసీలు. ఆయన ఒకప్పటి గొంతు నేను పుట్టకముందటి సంగతి కాబట్టి, విన్నది విన్నట్టు చెప్తాను. జెట్టీ మీద నిలబడి ఆయన 'ఒరేయ్' అంటే డాల్ఫిన్ కొండ ఒక అడుగు వెనక్కి జరిగేదట. దూరంగా లంగరేసుకున్న విదేశీ ఓడలు, పిలిచింది తమనేనేమోనని భయపడి పొగ వదిలేవట. ఆయన తుమ్మితే ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగిలేవని, అందుకే పడిశం పట్టినప్పుడు ఆయన్ని అటు రానిచ్చేవారు కాదని కళాసీలు చెప్పుకుంటారు. ఇందులో సగం అబద్ధమనుకున్నా, మిగతా సగమే ఒక మనిషికి చాలా ఎక్కువ.

ఆ గొంతుని తినేసింది ఇంజను. మరబోటులో డ్రైవరు నిలబడే కేబిన్ కిందే ఇంజను ఉంటుంది. అది మోగుతుంటే పళ్ళు కూడా తాళం వేస్తాయి. ముప్పై రెండేళ్ళపాటు పరదేశి దాని మీద అరిచాడు. పోటీలో ఇంజనే గెలిచింది. ఆయన గొంతులో ఒక కాయ పుట్టింది. పెద్దాసుపత్రిలో కోసి తీశారు. చెడ్డ కాయ కాదని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, ఒక షరతు పెట్టింది. మాట్లాడుకోవచ్చు, అరవకూడదు. అరిస్తే మిగిలిన కాస్తా పోతుంది.

మిగిలిన కాస్తా ఎలా ఉండేదంటే, ఎండుచేపల గోనెని ఇసకలో ఈడ్చినట్టు ఉండేది. ఎదురుగా కూర్చుంటే అర్థమయ్యేది. అయిదడుగులు వెనక్కి జరిగితే సముద్రపు హోరులో కలిసిపోయేది.

ఆ ఏడాది మార్చిలో ఒక మధ్యాహ్నం నడిసంద్రంలో ఉన్నట్టుండి గాలి లేచింది. కళాసీలు ఆరుగురూ వెనక వల లాగడంలో ఉన్నారు. కేబిన్లో పరదేశి ఒక్కడే సెట్టు తీసి, ఫలానా చోట ఉన్నాం, భయం లేదు, గాలి తగ్గాక వస్తాం అని ఇరవై నిమిషాలు చెప్పాడు. ఒడ్డున సెట్టు దగ్గర ఏడు ఇళ్ళ ఆడవాళ్ళూ కూర్చుని ఇరవై నిమిషాలూ ఇంజను మోతే విన్నారు. తర్వాత అదీ వినబడలేదు. బోటు మర్నాడు పొద్దున్న నిండుగా చేపలతో వచ్చింది. అప్పటికే రెండిళ్ళలో గాజులు పగలగొట్టేదాకా వెళ్ళి ఆగారు.

బోటు యజమానురాలు పేర్ల దానమ్మ. కళాసీలందరికీ ఆవిడ ఓనరమ్మ. చేపల వేలంపాటలో ఆవిడ కనుబొమ్మ కదిలిస్తే ధర మారుతుంది, అందుకని ఈగ వాలినా కదిలించదు. ఆ పొద్దున్న ఆవిడ పరదేశిని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు.

"నీ మీద కోపం నేదు పరదేశీ," అంది. "ఏడుగురి పేనాలు నీ సేతిలో ఎట్టినాను. నువ్వెక్కడున్నావో నాకు తెలాల. సేపల ఏట నిషేదం అయ్యాక మొదటి ఏటకి నువ్వే ఎల్లు. సంద్రం మీద, ఇంజను తిరగతా ఉండగా, నీ నోటితో నువ్వు సెప్పింది నాకు ఇనబడితే సుక్కాని నీది. నేదంటే ఎల్లాజీకి ఇచ్చేస్తాను."

ఎల్లాజీ అంటే ఆ కళాసీల్లో పెద్దవాడు. మంచివాడే. తనకి చుక్కాని వస్తుందని తెలిసి ఆ రోజు అన్నం మానేశాడు. ఇంజను కాసేపు ఆపి మాట్లాడితే సరిపోదా అని డ్రైవరు తరఫున ఆయనే అడిగాడు. గాలొచ్చినప్పుడు ఇంజను ఆపితే బోటు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా అని దానమ్మ అడిగింది. చెప్పక్కర్లేదు. అందరికీ తెలుసు.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా మరబోట్లు వేటకి వెళ్ళకూడదని ప్రభుత్వం నియమం. అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో హార్బరంతా వలలు బాగుచేసుకుంటుంది, బోట్లకి రంగులు వేసుకుంటుంది, పాత తగాదాలు దులిపి ఎండలో వేసుకుంటుంది. పరదేశికి మాత్రం ఆ రోజులు గడువయ్యాయి. ముప్పై రెండేళ్ళు చుక్కాని పట్టిన మనిషిని ఒడ్డున కూర్చోబెట్టి ఏం చెయ్యమంటారు? సముద్రం చూస్తూ కూర్చోవడమన్నది సముద్రం తెలియనివాళ్ళు చేసే పని.

ఆయన అక్క గనగళ్ల కాసులమ్మ. వాళ్ళ భాషలో 'అప్ప'. ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది. ఆవిడ కూతురు సత్యవేణి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే షాపు పెట్టుకుంది. ఒడ్డు నుంచి బోట్లతో మాట్లాడే సెట్టు కూడా ఆ షాపులోనే. సెట్టు పాడైపోయిందని పదిమంది వస్తే, అందులో ఆరుగురు స్విచ్చి వెయ్యనివాళ్ళు. ఆ సంగతి ఆ అమ్మాయి వాళ్ళకి చెప్పేది కాదు. సెట్టుని లోపలికి తీసుకెళ్ళి, టీ తాగి, స్విచ్చి వేసి తెచ్చిచ్చేది. మగవాళ్ళ పరువు ఆ హార్బరులో ఈమాత్రమైనా నిలబడి ఉందంటే ఆ పిల్ల పుణ్యమే.

మావయ్యకి దానమ్మ పెట్టిన షరతు విన్న రోజు నుంచి సత్యవేణి నిద్ర మానేసింది. ముందు పాత మైకు చుట్టూ స్పాంజి చుట్టింది. మోత తగ్గింది, దాంతోపాటు మావయ్య కూడా తగ్గిపోయాడు. తర్వాత ఇంజను తాలూకు బొంగురు శబ్దాన్ని ఆపేసే చిన్న సర్క్యూటు కట్టింది. ఇంజను సగం ఆగింది గానీ పరదేశి గొంతు చీమ పాట పాడినట్టు వచ్చింది. ఆయన గొంతులో మిగిలింది కూడా బొంగురే కదా. మూడోసారి మైకుని కొబ్బరిచిప్పలో పెట్టింది. దాని గురించి మాట్లాడుకోవద్దని మా ఇంట్లో ఒప్పందం.

ఒక సాయంత్రం విసుగొచ్చి తీరానికి వెళ్ళింది. మరబోట్లకే గానీ ఒడ్డునుంచి చేత్తో లాగే పెద్దవలకి నిషేధం లేదు. రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని లాగుతున్నాయి. అటూ ఇటూ బలం సమంగా ఉన్నంతసేపు వల ఏ పక్కకీ ఒరగలేదు. ఒక జట్టులో ఇంకో మనిషి కలవగానే వల అటు ఒరిగింది. సత్యవేణి అక్కడే ఇసకలో కూలబడిపోయింది. ఎండదెబ్బ అనుకుని ఒకావిడ నెత్తిన నీళ్ళు పోసింది.

నా కథంతా ఆ వలలోనే ఉంది. నా లోపల ఉల్లిపొరలాంటి ఒక పలచని పొర ఉంటుంది. అది కదిలితేనే మాట. మామూలు మైకుకి ముందువైపు ఒకటే దారి, ఏ శబ్దమొచ్చినా పొర కదులుతుంది. నాకు వెనకాల ఇంకో చిల్లు పెట్టారు. ఇంజను మోత కేబినంతా నిండి ఉంటుంది కదా, అది ముందు నుంచీ వెనక నుంచీ సమంగా వచ్చి పొరని రెండు పక్కలా నొక్కుతుంది. పొర ఎటూ కదలదు. పెదవుల దగ్గర మాట మాత్రం ముందు దారినే గట్టిగా తగులుతుంది, వెనక్కి చేరేసరికి నీరసపడిపోతుంది. అందుకని పొర ఆ మాటకి మాత్రమే కదులుతుంది. గెలుపంతా వెనక చిల్లుది. పేరు మాత్రం ముందు జాలీది.

నా వంశం చాలా గొప్పది. ఒళ్ళు, పాత ఇనప సామాను కొట్లో దొరికిన ఏదో ఓడ తాలూకు మైకుది. మెలికల తీగ ఒక ల్యాండ్‌ఫోనుది. లోపలి పొర ఉన్న బిళ్ళ హైదరాబాదు నుంచి పార్సిల్లో, ప్యాకెట్టంతా గాలితో వచ్చింది. ముందు జాలీ కాసులమ్మ టీ వడపోసుకునేది. వారం రోజులపాటు ఆవిడ టీలో ఆకు నములుతూ, ఇంట్లో దొంగలు పడ్డారు, వెర్రిదొంగలు, బీరువా వదిలేసి జాలీ పట్టుకుపోయారని వీధంతా చెప్పింది. పార్సిల్లో వచ్చిన బిళ్ళ సరిగ్గా కుదరడం కోసం సత్యవేణి అయిదుసార్లు నన్ను విప్పి కట్టింది. వెనక చిల్లు ఒకసారి చిన్నదైంది, ఒకసారి పెద్దదైంది. ఆరోసారి కుదిరింది.

పరీక్ష కోసం ఎల్లాజీ చేత బోటు ఇంజను మోత రికార్డు చేయించి, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే డీజే పెట్టెలు రెండు తెప్పించి షాపులో పెట్టింది. మీట తిప్పగానే నిషేధం ఎత్తేశారనుకుని హార్బరులో సగంమంది వలలు భుజానేసుకుని పరుగెత్తారు. ఒకాయన బోటు మోకు కూడా విప్పేశాడు. మత్స్యశాఖ ఆఫీసరొచ్చి షాపు ముందు నిలబడి, సముద్రం కోసం షాపంతా వెతికి వెళ్ళిపోయాడు.

ఆ మోత మధ్య పరదేశిని కూర్చోబెట్టి నన్ను చేతికిచ్చారు. ఆయన నన్ను మూరెడు దూరంలో పట్టుకుని మొహం పక్కకి తిప్పాడు. డ్రైవర్లందరి అలవాటూ అంతే, మైకు కరుస్తుందన్నట్టు దూరంగా పట్టుకుని, కబురు నేరుగా సముద్రానికే చెప్తారు. అలా పట్టుకుంటే ఆయన మాట కూడా నాకు ఇంజను మోతలాంటిదే, రెండు పక్కలా సమంగా వచ్చి చచ్చిపోతుంది. పెదవికి ఆనించాలి అని సత్యవేణి చెప్పింది. అంతకంటే దూరం జరగకుండా, దగ్గర కాకుండా నా మూతికి ఒక చిన్న కమ్మీ కూడా బిగించింది. పరదేశి కమ్మీని పై పెదవికి ఆనించి సిగ్గుతో చెమటలు కక్కాడు.

"ముద్దెట్టుకున్నట్టుందే," అన్నాడు.

"పెళ్ళినాడు కూడా ఇంత సిగ్గుపడనేదురా నువ్వు," అంది కాసులమ్మ.

ఇరవై మాటలు, కొన్ని చేపల పేర్లు, కొన్ని అంకెలు కాగితం మీద రాసిచ్చారు. వీధి చివర ఇంకో సెట్టు దగ్గర కాసులమ్మ కూర్చుని, వినబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టింది. పాత మైకుతో మూడు. నాతో పద్దెనిమిది. మిగతా రెండూ కూడా వినబడ్డాయి, కానీ ఆ చేపలకి అంత ధర లేదని ఆవిడ ఒప్పుకోలేదు.

అప్పుడు పరదేశి నన్ను పెదవి మీదే ఉంచుకుని చాలాసేపు మాట్లాడాడు. ఏదో గొప్ప సంగతి కాదు. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది, కొత్త వల బాగుంది, పీతల కూర తినాలని ఉంది. ఆరునెలలుగా ఒక్కో మాటా పొదుపుగా వాడుకున్న మనిషి, తన మాట వీధి చివరిదాకా వెళ్ళి వస్తుందని తెలిసి ఆపలేకపోయాడు. డీజే పెట్టెలు ఆపేసినా ఆయన ఆపలేదు. ఎవరూ ఆపమనలేదు.

జూన్‌లో నిషేధం ముగిసిన పొద్దున్న గంగాభవాని బయల్దేరింది. వేటకి వెళ్ళేముందు బోటుకి పసుపు రాయడం, చుక్కానికి, ఇంజనుకి, వలకి బొట్టు పెట్టడం వాళ్ళ ఆచారం. ఆ ఏడు తమ్ముడి బతుకు నా మీదే ఉందని కాసులమ్మకి తెలుసు. అందుకని అందరికంటే ఎక్కువ మర్యాద నాకు చేసింది. ముందువైపు జాలీ మీద పెడితే తమ్ముడి నోట్లోకి పోతుందని వెనక్కి తిప్పింది. అక్కడ, నడిమధ్యన, నున్నగా, గుండ్రంగా ఒక చిన్న గుంట. బొట్టు పెట్టుకోవడానికే కూతురు చిల్లు పెట్టిందనుకుని ఆవిడ మురిసిపోయింది. ముద్దపసుపు తీసి బొటనవేలితో ప్రేమగా లోపలికంటా అదిమి, పైన కుంకం అద్దింది. నేను అరవలేదు. మైకులు సొంతంగా మాట్లాడలేవు. ఈ లోకంలో ఇంతకంటే పెద్ద వెటకారం నాకు ఇంకోటి కనబడలేదు.

పది మైళ్ళు దాటేసరికి ఎండకి పసుపు సిమెంటులా బిగిసింది. పరదేశి తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, నన్ను తీసి కమ్మీ పెదవికి ఆనించాడు. మీట నొక్కాడు. ఇంజను పూర్తి జోరు మీద ఉంది. ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చెప్పాడు, నీటి లోతు చెప్పాడు, ఏడుగురం బాగున్నాం అని చెప్పాడు. మీట వదిలాడు.

సెట్టులో సత్యవేణి గొంతు వచ్చింది. "మావయ్యా, ఇంజనే ఇనబడతంది. మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి జవాబు వెంటనే రాలేదు. మీట నొక్కి ఉంచి మాట్లాడకపోతే అటువైపు గాలి చప్పుడు వినబడుతుంది. ఆ గాలిలో, సెట్టు పక్కనే కూర్చున్న దానమ్మ గాజులు కదిలాయి, అంతే.

కేబిన్ గుమ్మంలో ఎల్లాజీ నిలబడి తల దించుకున్నాడు. పరదేశి నన్ను పెదవి మీంచి తీసి చెయ్యి చాపినంత దూరంలో పట్టుకున్నాడు. పాత అలవాటు. ఆయన ఛాతీ నిండుగా పొంగడం నేను చూశాను. అరవబోతున్నాడు. ఆ అరుపు ఒడ్డుకి చేరితే చేరుతుంది, ఆ తర్వాత ఆయన దగ్గర ఇంకేమీ మిగలదు.

"మావయ్యా, అరవకు," అంది సెట్టు. "నాకు తెలుసు నువ్వు అరుత్తావని. అరవకు. నీ మాట నాకు అక్కర్నేదు, మీట సాలు. అవునంటే ఒకపాలి నొక్కు, కాదంటే రెండుపాల్లు. నన్ను పెదవికి ఆనించే సెప్పినావా?"

'నన్ను' అంటే నన్నే. ఆ కంగారులో ఆ పిల్ల నేనైపోయింది. పరదేశి పట్టిన ఊపిరి వదిలేశాడు. ఒకసారి నొక్కాడు.

"ఎనకాల సిల్లు సూడు. ఏటైనా అడ్డం ఉందా?"

ఆయన నన్ను తిప్పి చూశాడు. ఒకసారి నొక్కాడు.

అటువైపు ఎవరో "ఒలమ్మో" అనడం వినబడింది. కాసులమ్మ షాపులో తన బొటనవేలు చూసుకుంది, దాని మీద పసుపు ఇంకా పచ్చగా ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు సత్యవేణి ఆ సంగతి చెప్పి నవ్వుతూనే ఉంది, అందుకని నాకు తెలుసు. ఆ క్షణాన మాత్రం ఎవరూ నవ్వలేదు.

"పసుపేనా?" అని అడిగింది సత్యవేణి. ఒక నొక్కు. "సూదితో తీసెయ్ మావయ్యా."

రెండు నొక్కులు.

సముద్రం మీద బొట్టు చెరపకూడదు. అదీ మొదటి వేటన, అదీ అప్ప చేత్తో పెట్టిన బొట్టు. ఎల్లాజీ చెప్పనక్కర్లేదు, మిగతా అయిదుగురూ చెప్పనక్కర్లేదు. పరదేశికి ఉద్యోగం పోయినా ఫరవాలేదు, ఆ బొట్టు తియ్యడు. సత్యవేణి బతిమాలింది. రెండు నొక్కులు. కోప్పడింది. రెండు నొక్కులు. మనిషి మొండితనానికి మాటలు అక్కర్లేదని ఆ రోజు నాకు తెలిసింది.

అప్పుడు మీట చేతులు మారింది.

"ఒరే పరదేశీ. నానురా, అప్పని." కాసులమ్మ ఎప్పుడూ సెట్టులో మాట్లాడలేదు. అరుస్తుందనుకున్నాను. మెల్లగా మాట్లాడింది. "ఆ బొట్టు ఎట్టింది నాను. ఎందుకెట్టినాను? నువ్వు మల్లీ రావాలని. నువ్వెక్కడున్నావో తెలీకపోతే నిన్ను తెమ్మని అమ్మోరినేటని అడగమంటావు? తీసెయ్ నాయినా. పాపం ఉంటే నాకొస్తాది."

రెండు నొక్కులు. ఈసారి అంత గట్టిగా లేవు.

"సిన్నప్పుడు నీ ముక్కులో సింతగింజ ఇరుక్కున్నాది. గ్యాపకముందా?"

ఒక నొక్కు.

"అది తీసింది ఎవుర్రా? ఇది అమ్మోరి గింజ, తియ్యకూడదని ఒగ్గేసినానా?"

ఎల్లాజీ మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. నవ్వో మరోటో నాకు తెలియదు. పరదేశి నా వీపు వంక చూసి, నా మీట ఒకే ఒక్కసారి నొక్కాడు.

వల కుట్టే సూది తెచ్చారు. ముప్పై రెండేళ్ళు మోకులు లాగిన ఆ చేతులు పసిపిల్లాడి చెవి శుభ్రం చేసినట్టు నా చిల్లు శుభ్రం చేశాయి. ఒక్కో పలుకూ తీసి, కిందపడకుండా అరచేతిలో పట్టి, చుక్కాని పైనున్న చెక్కకి తడిచేసి అంటించాడు. చెరపలేదు, చోటు మార్చాడంతే. ఆఖరి పలుకు రాగానే ఇంజను మోత నా వెనక నుంచి కూడా లోపలికొచ్చింది. రెండు పక్కలా సమంగా నొక్కింది. నా పొర నిశ్చలంగా నిలబడింది. అంత మోతలో అంత నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు.

పరదేశి కమ్మీ ఆనించాడు.

"గంగాభవాని. పదిహేడు, ముప్పై అయిదు. ఎనబై మూడు, ఇరవై ఎనిమిది. ముప్పై బారల నీరు. ఏడుగురం బాగున్నాం."

గోనెసంచి గొంతే. గుసగుసే. మీట వదిలి ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఇంతసేపూ మాట్లాడని దానమ్మ మొదటిసారి మాట్లాడింది. అంకెలు ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది. పదిహేడు, ముప్పై అయిదు. ఎనభై మూడు, ఇరవై ఎనిమిది. ముప్పై బారలు. ఏడుగురు. ఒక్కటీ తప్పు పోలేదు. తర్వాత చిన్న ఖాళీ. ఆ ఖాళీలో గంగాభవాని రెండు అలలు దాటింది.

"డ్రైవరూ," అంది దానమ్మ. "ఐసు ఎన్ని రోజులకొస్తాది?"

బోటులో వేసుకున్న ఐసు ఎన్నాళ్ళు చాలుతుందని వేటకెళ్ళిన ప్రతి డ్రైవరునీ ప్రతి ఓనరూ అడిగే ప్రశ్న అది. దానికి ఎవరూ కళ్ళు తుడుచుకోరు. పరదేశి తుడుచుకున్నాడు. ఎనిమిది రోజులకి వస్తుందన్నాడు. అయితే ఏడో రోజుకే రమ్మని, ఎక్కువ ఆశపడొద్దని ఆవిడ సెట్టు పెట్టేసింది. ఎల్లాజీ వెనక్కెళ్ళి కళాసీల కోసం వండిన అన్నంలో నాలుగు వాటాలు ఒక్కడే తిన్నాడు.

తర్వాత సత్యవేణి నాకు తమ్ముళ్ళని చేసింది. ఒక్క చిల్లు బదులు వాళ్ళ ఒంటి రెండు పక్కలా గీతల్లాంటి సన్నటి చీలికలు పెట్టింది. ఎవరి వేలూ మూయలేదు. వీపు మీద బిళ్ళంత చదును చోటు వదిలి, బొట్టు ఇక్కడ పెట్టాలని డ్రైవర్ల ఇళ్ళలో ఆడవాళ్ళకి తానే వెళ్ళి చూపించింది. యంత్రం ఎలా వాడాలో మగవాళ్ళకి చెప్పడం కంటే అది తేలికైందట. రెండేళ్ళలో నలభై బోట్లకెక్కాం. డ్రైవర్లు మెల్లగా మాట్లాడ్డం నేర్చుకున్నారు. ఇళ్ళకెళ్ళి కూడా మెల్లగా మాట్లాడుతుంటే, ఏం తప్పు చేసి వచ్చారోనని భార్యలు కొన్నాళ్ళు అనుమానపడ్డారు.

నాలుగేళ్ళకి ఉప్పుగాలి నా పొరని తినేసింది. ఇప్పుడు సత్యవేణి షాపులో గాజు అర మీద, చనిపోయిన సెట్ల మధ్య ఉంటున్నాను. ధర అడిగినవాళ్ళకి అమ్మడానికి కాదని చెప్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం పొగరొస్తుంది.

పరదేశి ఇంకో ఏడేళ్ళు బోటు నడిపాడు. కిందటి ఏడు చుక్కాని ఎల్లాజీ చేతిలో తనే పెట్టి దిగిపోయాడు. గొంతు వల్ల కాదు, మోకాళ్ళ వల్ల. ఈ తేడా ఆయనకి చాలా ముఖ్యం. సాయంత్రాలు షాపు ముందు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ అదే చెప్తాడు, తన మోకాళ్ళ గురించి, ఏదో బిరుదు వచ్చినంత గర్వంగా, ఎండుచేపల గోనె ఈడ్చిన గొంతుతో, మెల్లగా. సందులో లారీలు ఐసు దించుతూ ఉంటాయి. ఆయన అరవడు. వినాలనుకున్నవాళ్ళు బెంచీ మీద జరిగి జరిగి ఆయన పక్కకి వచ్చి కూర్చుంటారు.